గజ్జి కాదు, తామర కాదు

మా వాడి మోచేతి మడతలో ఉన్న ఒకే ఒక్క మచ్చకి ముగ్గురు మూడు పేర్లు పెట్టారు. మా అత్తయ్య గజ్జి అన్నారు. పక్కింటి పిన్నిగారు తామర అన్నారు. మందుల షాపు అబ్బాయి ఫోన్లో ఫొటో చూసి ఫంగస్ అన్నాడు. పేరుకొక వైద్యం చొప్పున మూడూ చేశాం. అసలు పేరు ఎగ్జిమా అని తెలిసేసరికి వాడికి రెండున్నరేళ్లు వచ్చాయి. మీ ఇంట్లో పసిబిడ్డ రాత్రుళ్లు అదేపనిగా గోక్కుంటుంటే, ఇది చదివాక ఒకసారి లైటు వేసి మోచేతి లోపలి వైపు, మోకాలి వెనక చూడండి. అందుకే రాస్తున్నాను.

మాది విశాఖలో గోపాలపట్నం. వాడు పుట్టింది 2018 ఆగస్టులో. మొదటి భోగికి ఐదు నెలల పిల్లాడు. భోగిపళ్లు పోస్తుండగా తీసిన ఫొటోలో వాడి బుగ్గలు రెండూ ఎర్రగా కందిపోయి ఉంటాయి. పేరంటానికి వచ్చినవాళ్లంతా "బుగ్గలు రేగుపళ్లే" అని ముద్దు చేశారు. అత్తయ్య దిష్టి తీశారు. నేనూ మురిసిపోయాను. ఇప్పుడు అదే ఫొటో పెద్దది చేసి చూస్తే బుగ్గల మీద సన్నటి పొట్టు, మధ్యలో చెమ్మ మెరుపు కనిపిస్తాయి. ముక్కు, దాని చుట్టుపక్కల మాత్రం మామూలుగానే ఉంది. వాడు అప్పటికే బుగ్గలు నా చీరకేసి రుద్దుకునేవాడు. నిద్ర వస్తోందేమో అనుకునేదాన్ని. చేత్తో గోక్కోవడం చేతకాని పసివాడు చేసుకునే గోకుడు అదేనని నాకేం తెలుసు!

ఆ రోజుల్లో వాడికి చేయించిన స్నానాలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. ఒంటికి నువ్వుల నూనె, ఆపైన సున్నిపిండితో నలుగు, మరిగిన నీళ్లలో కాసిని చన్నీళ్లు కలిపి పొగలు కక్కే స్నానం, చివర సాంబ్రాణి ధూపం. మా ఇంట్లో పిల్లలందరికీ అలాగే చేశారు, అందరూ బాగానే ఉన్నారు. చేసేవాళ్ల ప్రేమలో లోటేమీ లేదు. కానీ వీడి చర్మానికి ఆ పిండి రాపిడి, ఆ వేడి, ఆ పొగ మూడూ పడవు. స్నానం అయిన గంటకల్లా కాళ్ల పిక్కల మీద తెల్లటి పొట్టు లేచేది. "పొట్టు పోవాలంటే ఇంకాస్త గట్టిగా రుద్దాలి" అని మర్నాడు ఇంకా గట్టిగా రుద్దేవాళ్లం.

ఏడాది నిండాక బుగ్గలు తగ్గాయి. అమ్మయ్య అనుకున్నాం. ఆ తర్వాత మోచేతి మడతల్లో మొదలైంది, ఆపైన మోకాళ్ల వెనక, మణికట్టు మీద. పసితనంలో ముఖం మీద, కాళ్లూ చేతుల పైవైపు వచ్చేది, నడిచే వయసుకి మడతల్లోకి దిగుతుందట. అది ఈ జబ్బు నడిచే దారే. మేమేమో కొత్త జబ్బు వచ్చిందనుకున్నాం.

రాత్రి సంగతి చెప్పాలి. పగలు ఆటల్లో పడి మరిచిపోయేవాడు. పడుకున్న గంటకి మొదలయ్యేది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలోనే ఉంది. ఎండిన వాకిట్లో చీపురు లాగినట్టు గరగరమని. కళ్లు తెరవడు, ఏడవడు, నిద్రలోనే గోకుతాడు. చెయ్యి పట్టుకుంటే రెండో చేత్తో. రెండు చేతులూ పట్టుకుంటే మడమతో. ఒక రాత్రి రెండు చేతులకీ సాక్సులు తొడిగాను. తెల్లారేసరికి ఒక సాక్సు కొసన రక్తం చుక్క అంటుకుని ఉంది. మా ఆయనకి ఉదయం షిఫ్టు ఉంటే నేను బిడ్డనెత్తుకుని హాల్లోకి వచ్చి ఫ్యాను కింద కూర్చునేదాన్ని. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఏడాది పాటు సరిగ్గా నిద్రపోకపోతే ఏమవుతుందో పడినవాళ్లకే తెలుసు. ఇది దురద జబ్బు, ప్రాణాంతకం కాదు కదా అనేవాళ్లుంటారు. ఒక్క వారం మా ఇంట్లో పడుకుని చూడమనాలి వాళ్లని.

"ఏటమ్మా, ఇంకా తగ్గనేదా? గజ్జే ఇది, నాను సూడని గజ్జా?" అన్నారు అత్తయ్య. ఆవిడది శ్రీకాకుళం వైపు. వేపాకు నీళ్లు పోశారు. పసుపు, వేపాకు నూరి పట్టించారు. ఎవరో చెబితే గజ్జి మందు తెచ్చి ఒళ్లంతా రాశాం. పగిలిన చర్మం మీద అది పడగానే వాడు వేసిన కేక వీధి చివరిదాకా వినిపించింది. ఇంకో రోజు సింహాచలం నుంచి తెచ్చిన చందన ప్రసాదం బుగ్గలకి, చేతులకి అద్దారు. అప్పన్న మీద ఆవిడ నమ్మకం నాకు తెలుసు, ఆ చల్లదనం వాడికి కాసేపు హాయిగానే ఉన్నట్టుంది. కానీ గంధం ఎండేకొద్దీ కింద చర్మం బిగుసుకుని పగుళ్లు తేలాయి.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలంటే భయం. 2020 జులైలో మా ఆయన మందుల షాపుకెళ్లి ఫొటో చూపిస్తే ఒక ట్యూబు ఇచ్చారు. రేటు తక్కువే. రాసిన మూడో రోజుకి మచ్చ మాయం. ఆ రాత్రి వాడు ఆరు గంటలు ఏకధాటిగా నిద్రపోయాడు. నేను ఆ ట్యూబుని దేవుడి గూట్లో పెట్టలేదు గానీ, అంత పని చేశాను. ఆపిన వారానికి మళ్లీ వచ్చింది, మళ్లీ రాశాం. ఈసారి ఐదు రోజులు పట్టింది. ఆ తర్వాత ఎనిమిది రోజులు. ఐదు నెలలు అలా గడిచాయి. డిసెంబరులో ఒక రోజు ఎండలో కూర్చోబెట్టి చూస్తే మోచేతి మడతలో చర్మం ఉల్లిపొరలా నునుపుగా మెరుస్తోంది, కింద సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తున్నాయి. బుగ్గ మీద రాసిన చోట నూగు వెంట్రుకలు వచ్చాయి. ట్యూబు మానేస్తే ముందుకన్నా రెట్టింపు ఎరుపు.

ఆ ట్యూబులో మూడు మందులు కలిపి ఉన్నాయని తర్వాత తెలిసింది. ఫంగస్‌కి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, మూడోది క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్, అంటే చర్మం మంటనీ ఎరుపునీ అణిచే మందు. పూత స్టెరాయిడ్లలో అన్నిటికన్నా బలమైన వర్గం అది. రెండేళ్ల పిల్లాడి బుగ్గకి రాయాల్సింది కానేకాదు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఎన్నో స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మాకు అమ్మారు. మేమూ అడగలేదు. ఎవరి తప్పు ఎంతన్న లెక్క పక్కన పెడితే, చర్మం మాత్రం నా బిడ్డది.

2021 ఫిబ్రవరిలో మహారాణిపేటలో ఒక చర్మ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. మచ్చ చూసి మందు రాసి పంపేస్తారనుకున్నాను. ఆవిడ బల్ల మీద పడుకోబెట్టి బట్టలన్నీ విప్పించారు, డైపరు కూడా. తొడల మధ్య చర్మం శుభ్రంగా, మెత్తగా ఉంది. "చూశారా, చెమ్మగా ఉండే చోట రాలేదు" అన్నారు. వేళ్ల సందులు చూశారు, వాడివే కాదు, నావీ మా ఆయనవీ. రాత్రుళ్లు మీరెవరైనా గోక్కుంటున్నారా అని అడిగారు. మచ్చ అంచు నుంచి పొట్టు గీరి గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టించారు, ఫంగస్ ఉందేమోనని. లేదు. ఆఖర్న మా ఆయన వైపు తిరిగి, "మీకు పొద్దున్న లేవగానే వరసగా తుమ్ములొస్తాయా?" అన్నారు. ఆయనకి చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. మా మావయ్యగారికి ఆయాసం. "ఇది ఎగ్జిమా అమ్మా. అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. అంటుకునేది కాదు" అన్నారు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. దుఃఖం కాదు. పేరు దొరికింది.

ఆవిడ చెప్పిన తేడాలు నా మాటల్లో చెబుతాను. గజ్జి అంటే చర్మంలోకి దొలుచుకుపోయే సన్నటి పురుగు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ వస్తుంది, ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లకీ అంటుకుంటుంది. తామర ఫంగస్. గుండ్రటి చక్రంలా అంచు ఎత్తుగా పొట్టుతో ఉండి, మధ్యలో తేరుకున్నట్టు కనబడుతూ బయటికి పాకుతుంది. ఎగ్జిమాకి అలాంటి గీత ఉండదు, అంచు ఎక్కడ మొదలైందో చెప్పలేం. పొడి చర్మం, వదలని దురద, వయసుని బట్టి ఫలానా చోట్లు, తగ్గుతూ మళ్లీ వస్తూ ఉండడం, ఇంట్లో తుమ్ములో ఆయాసమో ఉండడం, ఇవన్నీ కలిస్తే ఎగ్జిమా. మన తెలుగులో చిక్కేమిటంటే చాలామంది ఎగ్జిమాని కూడా తామర అనే రాస్తారు, అంటారు. ఆ ఒక్క మాట వల్లే ఎంతోమంది పిల్లలకి ఫంగస్ ట్యూబులు పడుతున్నాయని ఆవిడ బాధపడ్డారు. అందుకే నేను పట్టుబట్టి ఎగ్జిమా అనే అంటాను.

ఇంకో మాట కూడా చెప్పారు, అది చాలామందికి తెలియదు. పుస్తకాల్లో ఎగ్జిమా ఎర్రగా ఉంటుందని రాసి ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద అది ప్రతిసారీ ఎర్రగానే కనబడదు. చాలాసార్లు ముదురు గోధుమ రంగులోనో బూడిద రంగులోనో, గరుకు పొక్కుల్లానో ఉంటుంది. చూపు కన్నా చేతి స్పర్శకి ముందు దొరుకుతుంది. తగ్గాక ఆ చోట నల్లగానో తెల్లగానో మచ్చ మిగులుతుంది. మా వాడి బుగ్గ మీద తెల్లమచ్చ చూసి మా బంధువులొకరు బొల్లి అని గుసగుసలాడారు. మూడు రాత్రులు నాకు నిద్ర లేదు. అది బొల్లి కాదు, నెలల మీద రంగు దానంతటదే కలిసింది.

ఎందుకొస్తుంది అంటే, ఆవిడ కిటికీలోంచి బయటి గోడ చూపించారు. సముద్రం గాలికి విశాఖలో ఏ గోడైనా పెచ్చులూడుతుంది కదా, ఆ గోడ కూడా అంతే. "పూత ఊడిన గోడలో వాన లోపలికి దిగుతుంది. వీడి చర్మం పూత పుట్టుకతోనే పల్చన. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, క్రిములు లోపలికి పోతాయి. ఒళ్లు వాటి మీద యుద్ధానికి దిగుతుంది, అదే దురద." చర్మపు పూతని కట్టే ఫిలాగ్రిన్ అనే ప్రోటీను జన్యువులో లోపానికీ ఎగ్జిమాకీ ఉన్న సంబంధం 2006లో బయటపడిందట. అందరు ఎగ్జిమా పిల్లల్లోనూ ఆ లోపం ఉండదని కూడా చెప్పారు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఏదో తినకూడనిది తిన్నానని రెండేళ్లుగా మోస్తున్న బరువు ఆ రోజు దిగింది.

ఇక వైద్యం. స్టెరాయిడ్ రాస్తాను అనగానే నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఆవిడ నా కుడిచేతి చూపుడు వేలు పట్టుకుని, ట్యూబు మూతి దగ్గర పెట్టి, వేలి కొస నుంచి మొదటి గీత దాకా సన్నగా ఒక గీతలా క్రీము పిండారు. "ఇది అర గ్రాము. మీ రెండు అరచేతులు, వేళ్లతో సహా, ఎంత మేర ఉంటాయో అంత మేరకి ఇది సరిపోతుంది." తర్వాత నా అరచెయ్యి వాడి మోకాలి వెనక ఆనించారు. ఆ మచ్చ నా అరచేతిలో సగం కూడా లేదు. "అయితే ఇందులో ఎంత కావాలి?" పావు వంతు. ఇన్నాళ్లూ మేం రాసింది కొన్నిసార్లు దీనికి నాలుగింతలు, భయపడ్డ రోజుల్లో కంటికి కనబడనంత. ఆ లెక్క నాకు దొరికిన అతి పెద్ద సాయం. ముఖానికి తేలికపాటి స్టెరాయిడ్ కొన్ని రోజులు, ఒంటికి మోమెటాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకొకసారి, తర్వాత బుగ్గలకి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ 0.03 శాతం లేపనం రాశారు. ఆ లేపనం మొదటి నాలుగు రోజులు చురుక్కుమంటుంది, ముందే చెప్పారు కాబట్టి ఆపలేదు. ఇవి మా వాడికి రాసినవి. మీ పిల్లల వయసుకీ, చోటుకీ డాక్టరే చెప్పాలి. ప్రైవేటుగా చూపించుకోలేనివాళ్లకి ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది.

మందు కన్నా ఎక్కువ పని మాయిశ్చరైజరుది. మేం 50 గ్రాముల ట్యూబు నెల రోజులు పొదుపుగా వాడేవాళ్లం. ఆవిడ వారానికి 150 గ్రాములు అన్నారు. వినగానే డబ్బు గురించే ఆలోచించాను. "వాసన లేని సాదా క్రీము ఏదైనా చాలు, రాత్రికి వాజ్‌లైన్ రాయండి, ఖరీదైనది అక్కర్లేదు" అన్నారు. అప్పటి నుంచి సాయంత్రం ఏడున్నర మా ఇంట్లో మారని వేళ. గోరువెచ్చని నీళ్లు, నా మోచేతికి వేడి తెలియకూడదు. పది నిమిషాలకి మించకూడదు. మామూలు సబ్బు మానేశాం. దానిలో క్షారం ఎక్కువ, పిల్లల చర్మం కాస్త ఆమ్లంగా ఉండాలి. సబ్బు కాని క్లెన్సింగ్ బారు, అదీ చంకల్లో, కాళ్లకి మాత్రమే. అమ్మ ఇచ్చిన పాత నూలు చీర చింపి నాలుగు తువ్వాళ్లు కుట్టాను. తుడవడం కాదు, అద్దడం. చర్మం మీద ఇంకా చెమ్మ ఉండగానే, మూడు నిమిషాల్లోపు, మచ్చలకి మందు, మిగతా ఒళ్లంతా క్రీము. పై నుంచి కిందికి, వెంట్రుకలు వాలిన వైపే. ఎదురు రుద్దితే వెంట్రుక మొదళ్లలో పొక్కులొస్తాయి.

అత్తయ్యని నొప్పించకుండా నలుగు మాన్పించడం ఎలాగా అని మథనపడ్డాను. డాక్టరమ్మే దారి చూపించారు. నూనె రాయాలని ఉంటే వేడి తగలకుండా తీసిన కొబ్బరినూనె రాయమన్నారు. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా పిల్లల మీద పరీక్షిస్తే మినరల్ ఆయిల్ కన్నా అదే మెరుగ్గా పనిచేసిందట. ఆలివ్ నూనె మాత్రం వద్దన్నారు. అత్తయ్య మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం పూత ఆవిడదే అయింది.

పది రోజుల్లో ఒళ్లు తేరింది. అక్కడే నేను తప్పు చేశాను. పూర్తిగా నునుపయ్యే దాకా రాయమంటే, ఎరుపు పోగానే స్టెరాయిడ్ ఆపేశాను. పాత భయం. గరుకు అలాగే ఉండిపోయింది. మే నెల వచ్చింది. విశాఖ మే అంటే ఎండ కన్నా ఉక్కపోత, పొద్దున్న తొడిగిన చొక్కా పదింటికి పిండేలా ఉంటుంది. చెమట వీడికి నిప్పే. ఒక వారంలో మోకాళ్ల వెనక చెమ్మ ఊరి, పైన తేనె రంగు పక్కు కట్టింది. అంటే బాక్టీరియా చేరింది. యాంటీబయాటిక్ వాడాల్సొచ్చింది. ఆవిడ తిట్టలేదు. "సగం ఆర్పిన నిప్పు మళ్లీ అంటుకుంటుంది కదా" అన్నారంతే. ఆ తర్వాత కొత్త పద్ధతి పెట్టారు. చర్మం బాగున్నప్పుడు కూడా, ఎప్పుడూ వచ్చే ఆ నాలుగు చోట్ల వారానికి రెండు రోజులు, శని ఆదివారాలు, పల్చగా మందు. కొన్ని నెలలు అలా చేశాం. మంట లేని చోట మందేమిటని అడిగాను. పైకి కనబడకపోయినా లోపల నిప్పు ఉంటుందన్నారు. ఆ ఏడాదంతా పెద్దగా తిరగబెట్టింది ఒక్కసారే.

అప్పుడే ఒక హెచ్చరిక చేశారు, మీరూ గుర్తుంచుకోండి. ఉన్నట్టుండి జ్వరంతో, ఒకే సైజు నీటి పొక్కులు గుంపుగా లేచి, నడిమధ్య గుంటపడి పుండ్లవుతుంటే అది హెర్పిస్ వైరసు ఎగ్జిమాలోకి దిగినట్టు. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. పెదవి మీద జ్వరపు పొక్కులున్నవాళ్లని ఆ పిల్లల్ని ముద్దుపెట్టుకోనివ్వకూడదు.

తిండి దగ్గర మా ఇంట్లో గొడవే అయింది. వంకాయ, గోంగూర, చేపలు, గుడ్డు, పల్లీలు దురద పెంచుతాయని రెండేళ్లుగా వాడి కంచంలోంచి తీసేశాం. పాలు కూడా తగ్గించాం. డాక్టరమ్మ వాడి బరువు చూసి ఊరుకోలేదు. తిన్న వెంటనే దద్దుర్లు, వాంతి, ముఖం వాపు వస్తే అది వేరు, పరీక్ష చేయించాలి. అలా ఏమీ లేకుండా ఊహ మీద పత్యం పెడితే పిల్లాడు చిక్కిపోతాడు, పైగా తినకుండా ఉంచిన తిండికే తర్వాత ఎలర్జీ రావొచ్చు అన్నారు. ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టాం. మొదటి వంజరం ముక్క ముల్లు తీసి నోట్లో పెట్టినప్పుడు మా అత్తయ్య, నేను ఇద్దరం గంటసేపు వాడి ఒళ్లు చూస్తూ కూర్చున్నాం. ఏమీ కాలేదు. ఇంకో ముక్క అడిగాడు.

మా బోరు నీళ్లకి బకెట్ల అడుగున తెల్లటి గార కడుతుంది. నీళ్లని మెత్తబరిచే మిషను కొందామన్నారు మా ఆయన, వేలల్లో ఖర్చు. 2011లో వెలువడిన ఇంగ్లాండు పరిశోధనలో 336 మంది ఎగ్జిమా పిల్లల మీద చూస్తే ఆ మిషను వల్ల అదనంగా మేలేమీ కనబడలేదట. ఆ డబ్బు క్రీముకి పెట్టమన్నారు. పెట్టాం.

నర్సరీలో చేర్చిన నెలకి బడి నుంచి ఫోను. "తగ్గేదాకా పంపకండి, మిగతా తల్లిదండ్రులు అడుగుతున్నారు." వాణ్ణి విడిగా బెంచీ మీద కూర్చోబెట్టారని వాడే చెప్పాడు. "నేను బాగా ఉన్నాను కదమ్మా" అన్నాడు. అంటువ్యాధి కాదని డాక్టరమ్మతో ఉత్తరం రాయించుకుని వెళ్లి, టీచరుగారి ముందు నా చెంప వాడి మోచేతికి ఆనించి చూపించాను. మర్నాటి నుంచి స్నేహితుల పక్కనే కూర్చోబెట్టారు. ఏ బిడ్డనీ చర్మం చూసి దూరం పెట్టొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

సముద్రానికి తీసుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. మేం ఆర్కే బీచికి వెళ్తూనే ఉంటాం. చర్మం పగిలి ఉన్నప్పుడు ఉప్పునీళ్లు మండుతాయి, అప్పుడు వెళ్లం. బాగున్న రోజున ముందు మందంగా వాజ్‌లైన్, వచ్చాక మంచినీళ్లతో ఇసుకా ఉప్పూ పోయేలా స్నానం, మళ్లీ క్రీము.

ఇప్పుడు వాడికి ఆరు దాటాయి. పోయిందని చెప్పను. మొన్న చలికాలంలో మోకాలి వెనక గరుకు మొదలైతే మూడో రోజుకే పట్టుకున్నాం, ఆరు రోజుల మందుతో ఆగింది. గోళ్లు ప్రతి ఆదివారం తీస్తాను. రాత్రి నిద్రపోతాడు. నేనూ పోతాను.

పోయిన వారం పై వాటాలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఏడాది బాబుని చంకనెత్తుకుని మా గుమ్మంలో నిలబడింది. చేతిలో మందుల షాపు ట్యూబు. "పిన్నిగారూ, తామరంట" అంది మా అత్తయ్యతో. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, బాబు చెయ్యి మెల్లగా చాపి, మోచేతి మడతని వెలుగు వైపు తిప్పి చూశారు. బొటనవేలితో ఒకసారి తడిమారు.

"రేత్రి గోకుతన్నాడేటమ్మా?" అన్నారు. "ఆ టూబు ఇలాగివ్వు. రాయకు. మా కోడలు డాక్టరమ్మ నెంబరిస్తాది."